మల్లక్క రంది

మా అవ్వ నవ్వితే కోరుట్ల అంగట్లో బేరాలు ఆగేవని మా బాపు అంటాడు. ఇది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే. మా ఊరికీ కోరుట్లకీ నడుమ ఒక వాగూ బోలెడు పొలాలూ ఉన్నాయి. అయితే వాడకట్టు ఈ కొసన ఆమె నవ్వితే ఆ కొసన ఉన్నవాళ్లు పని ఆపి "మల్లక్కకు ఏదో దొరికిందిరా" అనుకునేవాళ్లన్నది మాత్రం నిజం. అవ్వ అంటే మాకు అమ్మ, బాపు అంటే నాన్న. నాట్లప్పుడు పాట ఎత్తుకునేది ఆమె. బతుకమ్మ ఆటలో ముందు గొంతు ఆమెది, వెనక అందుకునేది ఊరు.

బాపు మైసయ్య కోరుట్ల మార్కెట్లో హమాలి. ఎంత బరువైనా మోస్తాడు గానీ రెండు మాటలు మోయడం కష్టం ఆయనకు. బుగ్గారంలో పెళ్లిచూపులకు పోయినప్పుడు లోపలి అర్రలో ఎవరో నవ్వుతుంటే విని, మనిషిని చూడకముందే సరే అన్నాడట. చూసినంక కూడా సరే అన్నాడు, అది ఆయన అదృష్టమని అవ్వ ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషి, తెలంగాణ కావాలని ఊరూరా గొంతులు లేచిన రోజుల్లో గొంతు మూసుకుంది. రాస్తారోకోకు అందరితో పాటు పోయేది, వెనక నిలబడేది, పెదాలు కదిపేది. బతుకమ్మ నాడు పూలు పేర్చి, తీరా ఆట మొదలయ్యాక నడుము నొప్పి అని గోడకు ఆనుకునేది. మా వాడకట్టు సత్తవ్వకు ఇది మింగుడు పడలేదు. సత్తవ్వ అంటే మా ఊరి ఉద్యమానికి పెద్దదిక్కు. రోడ్డు మీద బాసింపట్టు వేసుకొని కూర్చుందంటే పొద్దుగూకే దాకా లేవదు. నినాదమైనా, పాటైనా, పోలీసులతో జగడమైనా కూర్చునే. ఏం పట్టుదల అని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ సత్తవ్వే ఒకరోజు బోరింగు దగ్గర "మల్లక్క ఎవలకో అమ్ముడువోయింది, లేకుంటె గా గొంతు ఏడికి పాయె?" అన్నది. కూలికి పోయి బతికే మా అవ్వను కొనేవాళ్లు ఎవరో, కొని ఏం చేసుకుంటారో నాకైతే అర్థం కాలేదు.

నేను అప్పటికే పెళ్లయి సిరిసిల్లలో ఉంటున్నాను. మిషన్ మీద లంగాలు కుడతాను. ఆ పనికి ఉండాల్సిన ఓపిక నాకు లేదని మా ఆయన సతీశ్ అంటాడు. ఆయనకు చెప్పాల్సిన జవాబు ఆయనకు చెప్పాను, అది ఇక్కడ రాయను. సంగతేమిటంటే, ఆ రోజుల్లో అవ్వ ఫోన్ చేసినప్పుడల్లా తెల్ల నూలు గుడ్డ ముక్కలు పంపమనేది. లంగాలు కత్తిరించగా మిగిలినవి మా ఇంట్లో కుప్పలుగా ఉంటాయి. ఎందుకవ్వా అంటే బొంత కుడుతున్నా అనేది. వచ్చే పోయే వాళ్ల చేత పంపాను. మళ్లీ అడిగింది. మళ్లీ పంపాను. ఆ లెక్కన అది బొంత కాదు, పెళ్లి పందిరి కావాలి.

ఒకసారి ఊరికి పోయినప్పుడు బొంత కోసం ఇల్లంతా వెతికాను. లేదు. మేకల కొట్టం వెనక దండెం మీద పాత చీర ఒకటి ఆరేసి ఉంది. ఎత్తి చూస్తే దాని కింద నా గుడ్డ ముక్కలు, మడతలు పెట్టి కుట్టినవి, వరసగా ఆరుతున్నాయి. అప్పుడే లోపల అవ్వ ఎండు మిరపకాయలు పోపులో వేసింది. ఘాటుకు నేను దగ్గాను. ఆమె దగ్గలేదు. కాలు మీద కాలు పెనవేసి, దర్వాజా పట్టుకొని, కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. కళ్లలో నీళ్లు.

"బొంత ఏదే అవ్వా?" అన్నాను.

ఆమె నా వెనక దండెం దిక్కు చూసింది. ఇక దాచలేదు.

"నవ్వితే ఒంటికి వస్తది బిడ్డ, చీర తడుస్తది. దగ్గితె వస్తది. నాటు కట్టలెత్తితె వస్తది. పాట ఎత్తుకున్ననంటె ఇగ చెప్పద్దు."

"ఎప్పటిసంది?"

"మీ తమ్ముడు పుట్టినంక కొద్దికొద్దిగ ఉండె. గిప్పుడు ఆగుతలేదు."

"బాపుకు తెలుసా?"

"ఎట్ల చెప్పాలె గా ముచ్చట?"

నాకు ఏడుపు వచ్చింది. నాకు ఏడుపు వస్తే తిట్టడం అలవాటు. ఇన్నేళ్లు నోరు మూసుకొని కూర్చున్నందుకు తిట్టి, పోపు మాడిపోయినందుకు కూడా తిట్టి, మరునాడే కోరుట్లలో ఒక దవాఖానకు తీసుకుపోయాను. ఏ దవాఖానో చెప్పను. ఆ రోజు అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు. డాక్టరు తల ఎత్తకుండా రెండు మాటలు అడిగి, ఇంగ్లీషులో స్ట్రెస్ అని ఏదో అని, గోలీలు రాశాడు. నేను మందుల షాపులో ఉండగా నర్సు బయటికి వచ్చింది. ఒంట్లో బాగాలేదని మాత్రమే తెలిసి వెంట వచ్చిన బాపు చెట్టు కింద చెప్పులు చేత పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల ఆయన్ను చూసి జాలిపడి, తనకు తెలిసిన తెలుగులో తర్జుమా చేసింది.

"ఏం భయం లేదు మామా. స్ట్రెస్ అంటె రంది. రందితోని వచ్చే బీమారి. ఆమెను రంది వడనియ్యకు."

బాపు ఏ బీమారి అని అడగలేదు. ఆడవాళ్ల సంగతి అని ఊరుకున్నాడు. రంది అన్న మాట మాత్రం మూట కట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాడు.

మా దిక్కు రంది అంటే ఉత్త దిగులు కాదు. ఒకదాన్ని మనసులో పెట్టుకొని మనిషి లోపల్లోపల అరిగిపోవడం. పెళ్లాం రందితో ఉందంటే మొగుడే ఏదో చేశాడని అర్థం. బాపు తను ఏం చేశాడో ఆలోచించడం మొదలుపెట్టాడు. ముందు కల్లు మానేశాడు. తర్వాత ధర్మపురి పోయి గోదావరిలో మునిగి, నరసింహస్వామికి మొక్కి వచ్చాడు. ఆ తర్వాత బుగ్గారం పోయి, ఎప్పుడో ఒక మేకపోతు దగ్గర మాటామాటా అనుకొని రాకపోకలు మానుకున్న మా మేనమామ లస్మయ్యను బతిమాలి తీసుకొచ్చాడు. మామ వచ్చి, కడుపు నిండా తిని, ఆ మేకపోతు సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పి పోయాడు.

"ఇగ ఏం రందే నీకు?" అని అడిగేవాడట బాపు.

"నాకేం రంది లేదయ్యా."

"ఉన్నదట."

దేనికీ పని జరగకపోయేసరికి ఆఖరి ఉపాయం పట్టాడు. అవ్వను నవ్వించాలని అనుకున్నాడు. మార్కెట్లో హమాలీలు బస్తాల మీద కూర్చొని చెప్పుకునే ముచ్చట్లు నేర్చుకొని వచ్చి, పొద్దుగూకగానే గద్దె మీద కూర్చొని, బడిపిల్లగాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాడు. వాటిలో ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ బతికే ఉంది. ఒక హమాలీని పెళ్లాం అడిగిందట, దినాం అందరి మూటలు ఎత్తుతవు, నన్నెప్పుడన్న ఎత్తుకున్నవా అని. ఎత్తుత గని, ఏ లారీల వెయ్యాలె అన్నాడట. ఇందులో పెద్దగా ఏమీ లేదు. కానీ బాపు ఎప్పుడూ కొస ముందు చెప్పేసేవాడు. "ఏ లారీల వెయ్యాలె అన్నడట" అని మొదలుపెట్టి, నాలుక్కరుచుకొని, మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఆ తడబాటు చూసి మా అవ్వ కడుపులో నవ్వు పొంగేది. కొంగు నోట్లో కుక్కుకొని లేచి లోపలికి పోయేది.

ఆయన వెనక నుంచి చూసి, ఏడుస్తున్నదనుకునేవాడు.

"మీ బాపు నన్ను సంపుతుండు బిడ్డ, నవ్వించి సంపుతుండు" అని అవ్వ ఫోన్లో చెప్పినప్పుడు నేను పడీ పడీ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వలేకపోయాను. నవ్వుకు సరే అన్న మనిషి ఒకడు, ఆ నవ్వు తన వల్లనే పోయిందని కుమిలిపోతున్నాడు. ఆమెకేమో నవ్వు నిండా ఉంది, బయటికి తీసే వీల్లేదు. గోలీలు ఏ మాత్రం పని చేయలేదు. ఉగాది పోయాక ఇద్దరినీ వెంటబెట్టుకొని జగిత్యాలలో ఊర్మిళ డాక్టరు దగ్గరికి పోయాను.

ఊర్మిళ వాళ్లది బుగ్గారం దొరల ఇల్లు. అవ్వ పెళ్లికి ముందు వాళ్ల పొలాల్లో నాట్లు వేసింది. అందుకే కుర్చీ చూపించినా కింద కూర్చోబోయింది. ఊర్మిళ లేచి వచ్చి, చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. పడుకోబెట్టి, దగ్గమని చూసింది. పరీక్షలు చేయించింది. తర్వాత బాపును కూడా లోపలికి పిలిచింది. అవ్వ సిగ్గుతో ముడుచుకుపోయింది.

"మల్లక్కా, దీని పేరుల స్ట్రెస్ అని ఉన్నది గని అది మనసు మీద బరువు కాదు, కడుపు మీద బరువు. దగ్గినా నవ్వినా మూట ఎత్తినా కడుపు లోపల ఒత్తుతది. గా ఒత్తుడు ఉచ్చసంచి మీద వడ్తది. సంచి మూతి గట్టిగ ఉంటె ఆగుతది. కాన్పులతోని, బరువులతోని నీది వదులైంది. ఎందరికో ఉంటది గిది, ఎవ్వలు చెప్పరు."

బాపు రెండడుగులు ముందుకు వచ్చాడు.

"అయితె దొర్సానీ, ఈమెకు నా మీద రంది లేదా?"

"గీ బీమారికి రందితోని పని లేదు మైసయ్యా."

"మరి నా ముచ్చట్లకు ఒక్కపారి గూడ నవ్వకపాయె?"

అవ్వ అప్పుడు తల ఎత్తింది. "నవ్వు రాకనా? ఆపుకోలేక సస్తిని గదయ్యా."

బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నా తుడుపు అయిపోలేదు. నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

ఊర్మిళ వెంటనే సూదుల జోలికి పోలేదు. ముందు బిగింపులు నేర్పింది. ఒంటికి వచ్చినప్పుడు ఆపుకున్నట్టు లోపల బిగించి, కొంచెంసేపు పట్టి, వదలాలి. పిడికిలి బిగించినట్టు అన్నమాట. ఆ ఏడాది ఊళ్లో అందరూ పిడికిళ్లు పైకెత్తుతుంటే మా అవ్వ ఎవరికీ కనబడకుండా బిగిస్తూ ఉండేది. వానాకాలం నాటికి గుణం కనిపించింది. తుమ్మితే ఆగేది. మామూలుగా దగ్గితే ఆగేది. పాటకూ నవ్వుకూ మాత్రం ఆగలేదు. మా అవ్వ పాటా నవ్వూ మామూలువి కావు మరి.

మిగిలినవి రెండు దారులని చెప్పింది ఊర్మిళ. ఒకటి కింద పట్టీ వేసి కుట్టే ఆపరేషన్. అది ఎక్కువకాలం నిలుస్తుంది. రెండోది సూది. మూత్రం వచ్చే దారి గోడల్లో ఒక మందు ఎక్కిస్తారు. అది గోడను లోపలికి ఉబ్బించి దారిని సన్నం చేస్తుంది. కోత ఉండదు, ఆ రోజే ఇంటికి రావచ్చు. కానీ అందరికీ పూర్తిగా ఆగదు, కొన్నాళ్లకు గుణం తగ్గితే మళ్లీ వేయించుకోవాలి. దాపరికం లేకుండా అన్నీ చెప్పింది. ఆపరేషన్ అనగానే అవ్వ తల అడ్డంగా ఊపింది.

"సూదే మేలు దొర్సానీ. గా సూది చెయ్యికి ఇస్తరా, నడుముకా?"

"అక్కడ్నే ఇస్తరు."

"అక్కడ్నంటె?" అని అడిగి, అర్థమై, అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చిందో భయం వచ్చిందో చెప్పలేను. ఆమెకే తెలియదట.

సూది వేసే డాక్టరు కరీంనగర్‌లో ఉంటాడు. మందు హైదరాబాదు నుంచి తెప్పించాలి. అన్నీ కుదిరి రోజు పెట్టేసరికి సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. ఆఫీసులు, బడులు మూతపడ్డాయి. నేను సమ్మెకు ముందే ఊరికి వచ్చాను కాబట్టి సరిపోయింది. పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు తెల్లవారగానే బాపు తనకు తెలిసిన ఆటో ఒకటి బతిమాలి తెచ్చాడు. అవ్వ, నేను వెనక కూర్చున్నాం. బాపు ముందు డ్రైవరు పక్కన.

కోరుట్ల దాటి జగిత్యాల రోడ్డెక్కామో లేదో ఆపేశారు. వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి జనం వంటలు చేస్తున్నారు. చూస్తే అందరూ మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే. నడిమధ్యలో బాసింపట్టు వేసుకొని, పక్కన ఉల్లిగడ్డలు కడిగిన నీళ్ల గంజు పెట్టుకొని సత్తవ్వ కూర్చుంది.

"ఎటు వోతున్నరు పండుగ పూట?" అన్నది.

"దవాఖానకు అక్కా" అన్నాను.

"ఎవలికి బాగలేదు? మీ అవ్వ గుండ్రాయి లెక్క ఉన్నది గదా."

పేషెంట్ల బండ్లను ఆపకూడదని అందరికీ తెలుసు. అవ్వను చూస్తే మాత్రం ఎవరూ పేషెంటు అనుకోరు. సత్తవ్వ కత్తిపీట ముందు నుంచి కదల్లేదు.

"మల్లక్కా, నీ నోట ఏడాదిసంది జై తెలంగాణ వినలే. ఒక్కపారి గట్టిగ అను. పోనిస్తం."

చుట్టూ ఆడవాళ్లు ముసిరారు. అవ్వ చెయ్యి కొంగు మీదికి పోయింది. గట్టిగా అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అనకపోతే ఊరు ఏమంటుందో కూడా తెలుసు. ఆలస్యమైతే కరీంనగర్‌లో డాక్టరు దొరకడు. నా నోటి దాకా తిట్లు వచ్చాయి. ఏ తిట్టు ముందు వదలాలా అని చూస్తున్నాను.

అప్పుడు బాపు ఆటో దిగాడు. జన్మలో సభలో నోరు తెరవని మనిషి. రోడ్డు మధ్యకు పోయి, పిడికిలి ఎత్తి, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు.

"జై తెలంగాణ... హైసా!"

బస్తా ఎత్తేటప్పుడు తప్ప ఆయన ఎప్పుడూ గొంతెత్తి ఎరుగడు. ఎత్తిన గొంతుకు ఆ హైసా దానంతట అదే అతుక్కొని వచ్చేసింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత మా అవ్వ నవ్వింది. కొంగు అందుకునే సందు దొరకలేదు ఆమెకు. ఏడాది నుంచి లోపల దాచిన నవ్వంతా ఒక్కసారి బయటపడింది. ఆమెను చూసి రోడ్డంతా నవ్వింది.

నవ్వు తగ్గేసరికి ఆటో సీటు తడిసి ఉంది, చీర తడిసి ఉంది. దగ్గరున్నవాళ్లు చూశారు. ఒక్కొక్కరే ఊరుకున్నారు. నేను నా కొంగు కప్పబోయాను. అవ్వ నా చెయ్యి తోసేసింది.

"సూసినవా సత్తవ్వా" అన్నది. "నేనెవలకు అమ్ముడువోలె. జై అంటె ఉచ్చ వడ్తది. నవ్వితె వడ్తది. సూది ఏపిచ్చుకోను పోతున్న."

 పొయ్యి మీద పప్పు కుతకుతమంటోంది. సత్తవ్వ కత్తిపీట పక్కకు పెట్టింది.

"సూదితోని ఆగుతదా?" అని చాలా మెల్లగా అడిగింది.

"ఆగుతదంటుండ్రు. అందరికి ఆగదట. కొన్నొద్దులకు మల్ల ఏసుకోవాల్నట."

సత్తవ్వ ఒక చెయ్యి నేలకు ఆనించి లేచింది. ధర్నా నడుమ ఆమె లేవడం ఊరు చూడడం అదే మొదటిసారి. కొంగు వెనకకు తిప్పి నడుముకు చుట్టుకుంది. ఆమె కూర్చున్న చోట తారు మీద తడి ఉంది. ఉల్లిగడ్డలు కడిగిన నీళ్లు ఒలికినయని పక్కనున్న శంకరవ్వ అన్నది. కాదని ఎవరూ అనలేదు. సత్తవ్వ ఆటో దగ్గరికి వచ్చి మా అవ్వ భుజం మీద చెయ్యి వేసింది.

"జరుగు" అన్నది. "నేను గూడ వస్త."

ఎక్కి కూర్చొని, వెనక్కి తిరిగి, "పేషెంట్ల బండి, దారి ఇయ్యుండ్రి" అని తన మామూలు గొంతుతో అరిచింది. రాళ్లు పక్కకు జరిగాయి. జగిత్యాల దాకా ఇద్దరూ చేతులు పట్టుకొని కూర్చున్నారు. "లేస్తె తెలుస్తదని కూసునేదాన్నే మల్లక్కా" అని సత్తవ్వ ఒక్కమాటే అన్నది. అమ్ముడుపోయిన సంగతి అవ్వా ఎత్తలేదు, సత్తవ్వా ఎత్తలేదు.

జగిత్యాలలో ఆగి సత్తవ్వను ఊర్మిళకు అప్పజెప్పి మేం కరీంనగర్ పోయాం. అవ్వకు పూర్తి మత్తు ఇవ్వలేదు. అక్కడి వరకే తిమ్మిరి ఎక్కించి, కొసన దీపం ఉన్న సన్నని గొట్టం పెట్టి, ఆ దారిలోనే సూది పంపి, చుట్టూ కొన్ని చోట్ల మందు ఎక్కించారు. "నాటు వెట్టినట్టు వెట్టిండ్రు బిడ్డ, దగ్గర దగ్గర" అని అవ్వ చెప్పింది. తనంతట తనకు ఒంటికి వస్తేనే ఇంటికి పంపుతామన్నారు. ఇన్నేళ్లు ఆగమంటే ఆగనిది, ఆ పూట రమ్మంటే రాలేదు. బాపు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ నరసింహస్వామికి మళ్లీ మొక్కాడు, ఈసారి ఆగాలని కాదు, రావాలని. మధ్యాహ్నానికి వచ్చింది. రెండ్రోజులు మంటగా ఉంటుంది, నీళ్లు బాగా తాగాలి, బరువులు ఎత్తొద్దు అన్నారు. సత్తవ్వకు ఊర్మిళ ముందు బిగింపులే చెప్పింది. తిరుగు దారంతా ఆమె ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే, అప్పుడే మొదలుపెట్టిందని మాకు అర్థమైంది.

ఆ వారమంతా బాపు ఇంట్లో నోరు విప్పలేదు. ముచ్చట చెబితే మందు చెడుతుందేమోనని ఆయన భయం.

పండుగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ కోరుట్ల రోడ్డు మీదే ఆడారు. ఎక్కడెక్కడి ఆడవాళ్లో బతుకమ్మలు ఎత్తుకొని వచ్చారు. అవ్వ మొదట వెనకే నిలబడింది. సత్తవ్వ ఆమెను చెయ్యి పట్టి నడిమధ్యకు లాగి, తను పక్కన నిలబడింది, కూర్చోలేదు. అవ్వ కళ్లు మూసుకొని, లోపల ఒకసారి బిగించుకొని, పాట ఎత్తుకుంది. ముందు గొంతు కొంచెం వణికింది. రెండో చరణానికి దారికి వచ్చింది. మూడోదానికి నేను మా అవ్వను గుర్తుపట్టాను. నాకు ఏడుపు ఆగలేదు. తిట్టడానికి ఎవరూ దొరకలేదు కూడా.

పాటకూ పాటకూ నడుమ బాపు హమాలీల గుంపులోంచి నీళ్ల చెంబు తీసుకొని వచ్చాడు. అవ్వ తాగి చెంబు ఇచ్చింది. ఆయన పోలేదు. అటూ ఇటూ చూసి, ఆమె చెవి దగ్గర వంగాడు.

"ఏ లారీల వెయ్యాలె అన్నడట" అన్నాడు.

అవ్వ తల వెనక్కి వాల్చి నవ్వింది. రోడ్డు ఆ కొసన ఉన్నవాళ్లు ఆట ఆపి ఇటు చూశారు. ఆమె చెయ్యి కొంగు దిక్కు పోలేదు. బాపు చెంబు పట్టుకొని, పెళ్లిచూపులనాడు ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడి విన్నాడు.

ఇంటికి వచ్చాక నేను మెల్లగా అడిగాను, ఆగిందా అవ్వా అని.

"ఒక సుక్క జారినట్టే ఉండె గని బిడ్డ," అన్నది, "నవ్వు ఆపబుద్ధి కాలె."